ఎపాక్సీలో కార్బన్ నానోట్యూబులు ఉండ కట్టకుండా కలపడం ఎలా?

మీ కాకినాడ ల్యాబ్‌లో ఎపాక్సీకి (రెజిన్‌కు హార్డెనర్ కలిపితే గట్టిపడే ప్లాస్టిక్) 0.5 శాతం నానోట్యూబులు (కార్బన్‌తో అయిన అతి సన్నని గొట్టాలు) కలిపితే గడ్డలు కడుతున్నాయి, బలం తగ్గుతోంది అన్నారు. వాన్ డర్ వాల్స్ ఆకర్షణతో (అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ) ట్యూబులు చిక్కుపడ్డ వలలా పెనవేసుకుంటాయి. మామూలు స్టిర్రర్‌కు విడవు. గడ్డ ఉన్నచోటే పగులు మొదలవుతుంది.

ముందు 0.1 శాతంతో చూడండి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి పొడిని 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టండి. అమీన్ హార్డెనర్ డబ్బా మూత తీసి ఉంచొద్దు. ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే ల్యాబ్ అర), ఐస్ నీళ్ల గిన్నెలో పెట్టిన అసిటోన్‌లో పొడి వేసి ప్రోబ్ సోనికేటర్‌ను (శబ్ద తరంగాలతో గడ్డలను విడదీసే పరికరం) 5 సెకన్లు ఆన్, 5 సెకన్లు ఆఫ్‌గా 20–30 నిమిషాలు నడపండి. గంటల తరబడి నడిపితే ట్యూబులు తెగి పొట్టివవుతాయి, చేసిందంతా వృథా.

తర్వాత రెజిన్ కలిపి మళ్లీ కాసేపు సోనికేట్ చేయండి. 60–70 డిగ్రీల దగ్గర కలియబెడుతూ, ఆపై వాక్యూమ్‌లో, బరువు తగ్గడం ఆగేదాకా అసిటోన్‌ను వదిలించండి. చాలామంది తొందరపడేది ఇక్కడే: మిగిలిన అసిటోన్ బుడగలు తెస్తుంది, పదార్థాన్ని మెత్తబరుస్తుంది. చల్లారాకే హార్డెనర్.

హార్డెనర్ కలిపిన వెంటనే వేడి పెడితే రెజిన్ పలచబడి ట్యూబులు మళ్లీ గుంపు కడతాయి. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే హార్డెనరైతే ముందు జెల్ (పారకుండా ముద్దలా) కానిచ్చి, తర్వాతే వేడి చేయండి. త్రీ రోల్ మిల్లు (మూడు రోలర్ల మధ్య మిశ్రమాన్ని నలిపే యంత్రం) దొరికితే అసిటోన్ లాంటి ద్రావణి బెడదే ఉండదు.

కార్బాక్సిల్ (–COOH) సమూహాలు అతికించిన ట్యూబులు రెజిన్‌కు బాగా అతుక్కుంటాయి, కానీ విద్యుత్ వాహకత తగ్గుతుంది.