దండల పెళ్లి చెల్లదని నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. ఇద్దరం హిందువులమే, కులాలు వేరు. 2019 ఫిబ్రవరిలో స్టేజీ మీద దండలు మార్చుకుని, ప్రమాణాలు చదివి పెళ్లి చేసుకున్నాం. రిజిస్టర్ చేయించలేదు. నాలుగేళ్ల పాప ఉంది. ఏడాదిగా ఆయన దూరంగా ఉంటూ వేరే సంబంధం చూసుకుంటున్నారు. అది పెళ్లే కాదని రెండు నెలల కింద లాయర్ నోటీసు పంపారు. పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు, తీసుకోవచ్చా? మా ఆయన్ని జైలుకు పంపగలనా? ఆ రోజు సాయంత్రం వాళ్లమ్మ తృప్తి కోసం మా మేనత్త ఇంట్లో పుస్తెలు కూడా కట్టించారు.

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చేది చివర్లో మీరు ‘కూడా’ అని తగిలించి వదిలేసిన ఆ ఒక్క వాక్యమే.

హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. దండలు మార్చుకుంటే చాలనే 7ఎ సెక్షన్ తమిళనాడు 1967లో తెచ్చుకున్న సవరణ, ఆత్మగౌరవ వివాహాలు (పురోహితుడు లేకుండా చేసుకునే పెళ్లిళ్లు) చెల్లవని మద్రాసు హైకోర్టు అన్నాక వాళ్లు పట్టుబట్టి సాధించుకున్నది. తెలంగాణలో, ఆంధ్రలో అలాంటిది లేదు. మీ ఆయన లాయరు పట్టుకున్నది సరిగ్గా దీన్నే. స్టేజీ ఫొటోలు మీకెంత ప్రాణమైనా వాటి మీదే కేసు నిలబెట్టకండి.

ఆచారం ప్రకారం జరిగిన తంతు అని మీరు చూపగలిగేది ఆ సాయంత్రం కట్టిన పుస్తెలే. అవి ఏ వేళకు కట్టారు, జీలకర్ర బెల్లం పెట్టారా, తలంబ్రాలు పోశారా, మెట్టెలు ఎవరు తొడిగారు, ఎవరెవరు చూశారు, మీ రెండు ఇళ్లలో ఎవరి పెళ్లిళ్లు ఇలాగే జరుగుతాయి, ఇవన్నీ ఇవాళే కూర్చుని రాసుకోండి. ఏడడుగులు మీ ఆచారంలో లేకపోతే అక్కర్లేదు. పుస్తెలు చేసిన అవుసులాయన దగ్గర తేదీ, తూకం రాసిన చీటీ ఉందేమో అడగండి, నా లెక్కలో అది వంద స్టేజీ ఫొటోలకంటే గట్టిది. ఆ సాయంత్రం ఎవరైనా ఫొటో తీసి ఉంటే ఆ ఫోన్ అమ్మనివ్వకండి, కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఆ ఫొటో ఏ ఫోన్‌లోదో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. రేషన్ కార్డు, పాప బర్త్ సర్టిఫికెట్, అద్దె కాగితాలు కూడా తీసి పెట్టండి. ఏళ్ల తరబడి భార్యాభర్తలుగా కలిసి బతికిన వాళ్లకు పెళ్లయిందనే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేసే బరువు అవతలి వాళ్ల మీద పడుతుంది.

ఆ పాత తేదీ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. 2024 ఏప్రిల్ 19న డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? ఇద్దరు పైలట్లు, ఓ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ చూపి రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నారు, కానీ తంతు జరగలేదు కాబట్టి అది పెళ్లే కాదని కొట్టేసింది. మీది అంతకంటే ఘోరం అవుతుంది, ఫోర్జరీ కేసు మీ మీదే పడుతుంది, ఆ తర్వాత నిజంగా కట్టిన పుస్తెల మాట కూడా ఎవరూ నమ్మరు.

జైలు సంగతి ఇప్పుడు వదిలేయండి. ఆయన ఇంకా రెండో పెళ్లి చేసుకోలేదు, చేసుకున్నా ఆ కేసులో మొదటి పెళ్లి తంతును గట్టిగా రుజువు చేయాలి.

నోటీసు వచ్చి రెండు నెలలైనా జవాబివ్వకుండా ఎలా ఊరుకున్నారు? రేపు ‘ఆమె ఒప్పుకున్నట్టే’ అని వాదిస్తారు. ఈ వారంలోనే లాయరు చేత జవాబు ఇప్పించండి, అందులో పుస్తెల సంగతి స్పష్టంగా ఉండాలి. తర్వాత ఫ్యామిలీ కోర్టులో మీరు ఆయన భార్య అని డిక్లరేషన్‌కీ, రెండో పెళ్లి చేసుకోకుండా ఇంజంక్షన్‌కీ కలిపి దావా వేయండి. డిక్లరేషన్‌కి మూడేళ్ల గడువు అంటూ అవతలి వాళ్లు లెక్క తీస్తారు, ఆ లెక్క నోటీసు అందిన రోజు నుంచే మొదలైందనుకుని త్వరపడండి. మీకూ పాపకూ భరణం కోసం బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 144వ సెక్షన్ కింద వేరే పిటిషన్ వేయండి, అక్కడ పెళ్లికి అంత కఠినమైన రుజువు అడగరు, పాపకైతే ఆ ప్రశ్నే లేదు. ఆర్డరు వచ్చాక ఆయన కట్టని బకాయికి ఏడాదిలోపే అడగాలి, ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి. గృహహింస చట్టం కింద పెళ్లి లాంటి బంధానికి కూడా రక్షణ ఉంది, దాన్నీ వాడుకోండి.

స్టేజీ పెళ్లి చేసుకుని ఇప్పుడు కలిసే ఉంటున్న మిగతా జంటలు స్పెషల్ మ్యారేజ్ యాక్టు 15వ సెక్షన్ కింద ఇద్దరూ సంతకం పెట్టి దరఖాస్తు ఇవ్వండి, 30 రోజుల నోటీసు గడిచాక రిజిస్టర్ అవుతుంది. మీకు ఆ దారి లేదమ్మా, ఆయన సంతకం పెట్టరు కదా.

నోటీసు వచ్చిన కవరు పారేయలేదు కదా? దాని మీద పోస్టు ముద్ర తేదీ మనకు కావాలి.