ఫ్రూట్ మెషీన్ కొన్న మేనల్లుడికి

ఒరే చిన్నా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "వాడు మాంచెస్టర్‌లో జూదం మెషీన్ కొన్నాడట అన్నయ్యా, కాస్త నువ్వే చెప్పు" అంది. నవ్వొచ్చింది. పబ్బుల్లో నాణెం వేసి పండ్ల బొమ్మల చక్రాలు తిప్పే పాత ఫ్రూట్ మెషీన్‌ని కంప్యూటర్‌లో నడిపించే పిచ్చి నాకూ ఇరవై ఏళ్ళు ఉందని ఆవిడకి తెలీదుగా. అందుకే ఈ ఉత్తరం.

నీ మెషీన్‌ని నడిపేది బార్‌క్రెస్ట్ కంపెనీ ఎంపీయూ4 బోర్డు అన్నావు, మీ ఊరి పక్కనే ఆష్టన్‌లో పుట్టిన సరుకు. దానికి కరెంటు పెట్టొద్దు. ముందు బ్యాటరీ చూడు. ఆ నికెల్ కాడ్మియం బ్యాటరీ కారితే పచ్చగా చిలుము పట్టి చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. నేను చూసుకోకుండా స్విచ్ వేసి ఒక మంచి బోర్డుని పోగొట్టుకున్నాను. తర్వాత ఆట ప్రోగ్రామ్ ఉండే ఈప్రోమ్ చిప్పుల్ని కంప్యూటర్‌లోకి రెండు మూడుసార్లు చదివి, ఫైళ్ళు పోల్చు, తేడా వస్తే మళ్ళీ చదువు. చిప్పు మీది స్టిక్కర్ ఫోటో తీసుకో, ఒకే ఆటకి చాలా వెర్షన్లు ఉంటాయి. మార్పులు చేస్తే కాపీలో చెయ్యి, అసలు ఫైల్‌ని ముట్టుకోకు.

లోపల ఉన్న ప్రాసెసర్ మోటరోలా 6809, దాన్ని ఎమ్యులేట్ చెయ్యడం, అంటే దాని పనిని కంప్యూటర్ చేత చేయించడం, పెద్ద పని కాదు. తలనొప్పంతా ఎక్కడంటే, ఆ ప్రోగ్రామ్ తన చుట్టూ నిజమైన పెట్టె ఉందనుకుంటుంది, అడుగడుగునా పరీక్షిస్తుంది. రీల్, అంటే బొమ్మల చక్రం, ఒక చుట్టు తిరిగితే చిన్న రేకు ముక్క ఆప్టో అనే కాంతి సెన్సర్ ముందు నుంచి పోవాలి, అనుకున్న చోట కనపడకపోతే అలారం మోగించి కూర్చుంటుంది. డబ్బుల లెక్క మీటర్ తగిలించి ఉందా అని చూస్తుంది, నాణేల గొట్టంలో చిల్లర ఎంతుందో చూస్తుంది. కాపీ కొట్టకుండా పెట్టిన క్యారెక్టరైజర్ చిప్పుని ప్రశ్న అడుగుతుంది, తప్పు జవాబొస్తే సరిగ్గా నడవదు. నాకు మొదట్లో ఆప్టో స్థానం కాస్త తప్పింది, అంతే, తెర మీద మూడు నిమ్మకాయలు వరసగా నిలబడ్డా పెన్నీ రాల్చలేదు, తలాతోకా లేని వరసకి మాత్రం పాట పాడి మరీ డబ్బిచ్చింది. రెండు రాత్రులు కోడ్ అంతా తిట్టుకున్నాక తెలిసింది, తప్పు నేను పెట్టిన ఆప్టో స్థానానిది, మెషీన్‌ది కాదు.

ఇంకోటి. ఈ మెషీన్లు లాటరీలా కావు, పడ్డ డబ్బులో తిరిగివ్వమని పెట్టిన శాతం, అంటే 78 అనుకో, ఆ లెక్కకి చేరుకోవాలని పాత ఆటల్ని బట్టి సర్దుకుంటాయి. పాత ఆటల లెక్క దాచుకునే ర్యామ్‌ని కొత్తగా చెరిపి గంట ఆడి "ఇవ్వట్లేదు, ఎమ్యులేషన్ తప్పు" అనకు.

ఇక మనుషుల సంగతి, అసలు చిక్కు ఇక్కడే. వీడియో గేమ్ అయితే బొమ్మలు చిప్పులోనే ఉంటాయి. ఫ్రూట్ మెషీన్‌లో బొమ్మంతా ముందున్న గాజు మీద ఉంటుంది. దాన్ని ఎవరో విప్పి, ఫోటో తీసి, వంకరలు సరిచేసి, వందకు పైగా బల్బుల కిటికీల్ని ఒక్కొక్కటే కత్తిరించాలి. వారాలు పడుతుంది, పైసా రాదు, దక్కేది పేరొక్కటే. అలా తయారైన తెర బొమ్మని, అంటే లేఅవుట్‌ని, అడక్కుండా ఇంకొకరు మార్చి పెడితే కడుపు మండదా? నేనే ఆ తప్పు చేశాను. ఒకాయన ప్రేమగా పంపిన గాజు స్కాన్‌ని నా లేఅవుట్‌లో వాడి పేరు రాయడం మర్చిపోయాను. ఆయన తర్వాత ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఆయన గ్యారేజీలో ఉన్న మరో పది మెషీన్ల చిప్పులు కూడా అలాగే ఉండిపోయాయి. అడుగు, ఒప్పుకున్నాక రాసిపెట్టుకో.

ఈ మెషీన్లని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్లు రెండున్నాయి, మేమ్ గొప్పదా ఎమ్ఎఫ్ఎమ్ఈ గొప్పదా అనే గొడవలోకి మాత్రం దిగకు. మేమ్ వాళ్ళకి హార్డ్‌వేర్ ఎలా పనిచేసిందో నమోదు కావాలి, తెర మీద ఉత్త బల్బుల వరసలున్నా వాళ్ళకి ఫర్వాలేదు. 2016 నుంచి వాళ్ళ కోడ్ పూర్తిగా ఓపెన్ సోర్స్. ఎమ్ఎఫ్ఎమ్ఈ విండోస్‌ది, సోర్స్ బయటికి ఇవ్వలేదు, కానీ పబ్బులో నిలబడి ఆడినట్టు అనిపించేది దాంట్లోనే. నేను రెండూ వాడతాను, ఇద్దరి చేతా తిట్లు తిన్నాను.

ఇప్పటికీ పబ్బుల్లో డబ్బు తీసుకుంటున్న మెషీన్ చిప్పులు నీ చేతికొస్తే పంచకు. ఎందుకంటావా, హై-లో గ్యాంబుల్, అంటే వచ్చే అంకె ఎక్కువా తక్కువా అనే పందెం, దగ్గర ఆట స్థితిని సేవ్ చేసి "ఎక్కువ" నొక్కి చూడు, ఓడతావు. మళ్ళీ అదే స్థితికి వెళ్ళి "తక్కువ" నొక్కు, చాలాసార్లు అప్పుడూ ఓడతావు, మెషీన్ ముందే నిర్ణయించేసింది. ఎమ్యులేటర్ ఉన్నవాడు ఇలాంటివి ఇంట్లో కూర్చుని కనిపెట్టేస్తాడు. గెలిచే వీలే లేని ఎంపికని మెషీన్ ఇవ్వొచ్చు అనే నోటీసు తర్వాత బ్రిటన్ మెషీన్ల మీదే కనపడింది. ఆటగాళ్ళకి ఇది తెలియడం మంచిదే అంటాను నేను. కానీ నడుస్తున్న మెషీన్‌ని ఖాళీ చేసే దారి చూపిస్తే, ఇన్నాళ్ళూ పాత చిప్పుల కాపీల్ని చూసీచూడనట్టున్న కంపెనీలు లాయర్ల చేత ఉత్తరాలు రాయిస్తాయి, పాత మెషీన్లూ దాంతో పాటే పోతాయి.

వచ్చే శనివారం లెస్టర్ నుంచి బయల్దేరి వస్తున్నా, సోల్డరింగ్ ఐరన్ తెస్తాను. బ్యాటరీ ఇద్దరం కలిసి పీకుదాం. మీ అమ్మతో నేను మాట్లాడతాలే, నువ్వు మాత్రం ప్లగ్గు పెట్టకు.

మీ మావయ్య