బరంపురం పట్టుచీరల ఫొటోలకు ధర ఎలా చెప్పాలి?

పర్లాకిమిడిలో కొత్తగా స్టూడియో పెట్టుకున్న మీరు, ఒక చీరల వ్యాపారి 150 పట్టుచీరలకు మూడేసి ఫొటోలు తీయమని, ఫొటోకు 40 రూపాయలు ఇస్తానని అంటున్నారని, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఆ ధరకు ఒప్పుకోవద్దని నా సలహా. బరంపురంలో పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. మొదటి మూడేళ్లు ఫొటో లెక్కన ధర చెప్పి, నెలంతా తీరిక లేకుండా పనిచేసి కూడా స్టూడియో అద్దెకు చేబదులు తెచ్చుకున్నాను.

వ్యాపారికి 450 ఫొటోలే కనిపిస్తాయి, వాటి వెనక ఎన్ని రోజులున్నాయో మీరే లెక్కగట్టుకోవాలి. చీర విప్పి, మడత గీతలు పోయేలా పైన పలుచని గుడ్డ వేసి ఇస్త్రీ చేసి, బొమ్మకు కట్టి, కుచ్చిళ్లకు పిన్నులు పెట్టి, ఫోడా కుంభ అంచులోని గోపురాల వరుస ఎక్కడా వంకర పోకుండా సర్దేసరికి, సహాయకుడు ఉన్నా సరే, నాకు రోజుకు 25 చీరలకు మించి కావు. అంటే తీయడానికే ఆరు రోజులు. ఆపైన ఫొటోకు 8 నిమిషాల చొప్పున ఎడిటింగ్‌కు 60 గంటలు పడుతుంది కనుక మరో ఎనిమిది రోజులు కలిపి మొత్తం పధ్నాలుగు రోజులు.

ఇక ఒక రోజు ఖరీదు. నా స్టూడియో అద్దె, కరెంటు, ఇంటర్నెట్, నాలుగేళ్లలో మార్చుకోవలసిన కెమెరా, లైట్ల అరుగుదల కలిపి నెలకు 18,000, ఇంటి ఖర్చు 30,000. బేరాలకు, బాకీల వసూళ్లకు, పండుగలకు పోను డబ్బు వచ్చే పనిదినాలు నెలకు పదహారు మించవు కాబట్టి, రోజుకు 3,000 పడుతుంది. పధ్నాలుగు రోజులకు 42,000, సహాయకుడికి 3,000, వెరసి 45,000. లాభం కలపకముందే ఫొటోకు 100 రూపాయలు తేలింది. దీనిమీద ఆరోవంతు వేసి నేనైతే 52,500 చెబుతాను. వ్యాపారి అంత ఇవ్వలేనంటే ధర తగ్గించకండి, పని తగ్గించండి: బొమ్మకు కట్టడం మాని చీరను బల్లమీద పరిచి, అంచు, కొంగు కనిపించేలా ఒక్కొక్క ఫొటోతో సరిపెట్టవచ్చు.

రంగు విషయం ముందే తేల్చుకోండి. రాణీ రంగు పట్టు మీద లైటు కాస్త ఎక్కువ పడినా ఎరుపు చెదిరి నేత కనిపించకుండా పోతుంది. ఒకసారి మొత్తం సరుకు తీసి ఇచ్చాక, ఫోనులో రంగు వేరుగా ఉందని 60 చీరలు తిరిగి పంపారు. నాలుగు రోజులు ఉచితంగా మళ్లీ తీశాను. అప్పటినుంచి ప్రతి రంగుకూ మొదట గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీస్తున్నాను, తొలి ఐదు చీరలకు వ్యాపారి రాతపూర్వకంగా సమ్మతి తెలిపాకే మిగతావి మొదలుపెడుతున్నాను.

ఫొటోలను ఎక్కడ, ఎంతకాలం వాడుకుంటారో కూడా కొటేషన్‌లోనే రాయాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కు తీయించుకున్నవారిదే. ఈ సంగతి తెలియక, వెబ్‌సైటు కోసమని చౌకగా తీసిన నా ఫొటోనే ఒక దుకాణంవారు పెద్ద హోర్డింగు మీద పెట్టుకుంటే అడగలేకపోయాను. ఇప్పుడు వెబ్‌సైటు, సోషల్ మీడియాలకు ఒక సంవత్సరం వాడకం అని రాసి, హోర్డింగులకు, అచ్చు ప్రకటనలకు వేరే ధర చూపిస్తున్నాను.

ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు నుంచీ మీకు పని వస్తుంది. రాష్ట్రం దాటి సేవ అందించినా, ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కనుక ఆ భయంతో పని వదులుకోకండి. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ మాత్రం ఉచితమే, వెంటనే చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం అలా నమోదైన చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. సగం అడ్వాన్సు చేతికి వచ్చాకే చీరల మూట విప్పండి, మిగతా సగం అందాకే పూర్తి సైజు ఫొటోలు పంపండి.