జీవలోకం ప్రశ్నోత్తరాలు: సముద్రానికి నడిచే ఎర్ర పీతలు

ప్రశ్న: మా పొలం గట్ల మీద పీతను పట్టి తిరగేస్తే పొట్ట కింద బుల్లి పిల్లలు కనిపిస్తాయి. క్రిస్మస్ దీవి (హిందూ మహాసముద్రంలోని ఆస్ట్రేలియా దీవి) ఎర్ర పీతలేమో గుడ్లు వదలడానికి అడవి నుంచి సముద్రం దాకా నడుస్తాయట. నేల మీద బతికే పీతకు ఆ అవస్థ ఎందుకు?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ గట్టు పీత మంచినీటి పీత. మహా అయితే కొన్ని వందల గుడ్లు పెడుతుంది, కానీ ఒక్కో గుడ్డులో సొన దండిగా ఉంటుంది. పిల్ల గుడ్డులోనే దశలన్నీ దాటేసి, అచ్చం పీత రూపంతో బయటికొస్తుంది. కొన్నాళ్లు తల్లి పొట్ట మడతలో ఉండి ఆ తర్వాత విడిపోతుంది. దానికి సముద్రంతో పనే లేదు.

ఎర్ర పీత సంగతి వేరు. దాని పూర్వీకులు కడలి నుంచి నేల మీదికి వచ్చిన పీతలు. పెద్ద పీత అడవిలో రాలిన ఆకులు, మొలకలు తింటూ బతకగలదు గానీ పిల్ల దశలకు ఉప్పునీరే కావాలి. గుడ్డు చిన్నది, సొన తక్కువ. అందుకే ఒక్క ఆడపీత లక్ష గుడ్ల దాకా మోస్తుంది.

క్రమం ఇలా ఉంటుంది. తొలి వానలు పడగానే మగవి ముందు బయలుదేరతాయి, ఆడవి దారిలో కలుస్తాయి. తీరం చేరడానికి కనీసం వారం పడుతుంది. చేరగానే సముద్రంలో ఒకసారి మునిగి, దారిలో కోల్పోయిన నీరు, లవణాలు నింపుకుంటాయి. మగవి కాస్త వెనక్కి వచ్చి, తీరం దగ్గరి మెట్టల్లో బొరియలు తవ్వుతాయి. అక్కడ చోటు ఇరుకు, బొరియల కోసం కొట్టుకుంటాయి. జత కట్టడం బొరియలోనో దాని పక్కనో జరుగుతుంది. మగపీత మళ్లీ ఒకసారి మునిగి ఇంటిదారి పడుతుంది. ఆడది మూడు రోజుల్లోపే గుడ్లు పెట్టి, పొట్ట మడత కింద అంటించుకుని, తడి బొరియలో 12, 13 రోజులు పొదుగుతుంది. ఈ రోజుల్లో వాన కరువై బొరియ ఎండితే గుడ్లకూ ముప్పే.

పొదగడం అయ్యాక ఆడది నీటి అంచుకు వెళ్లి గుడ్లు వదులుతుంది. గుడ్డు సముద్రపు నీటిని తాకగానే పగులుతుంది. అందులోంచి వచ్చే లార్వాలు (తొలి దశ పిల్లలు) దాదాపు నెల రోజులు అలల్లో తేలుతూ దశలు మారతాయి. చివరి దశైన మెగలోపా రొయ్యపిల్లలా ఉంటుంది. అది ఒడ్డు పక్క గుంటల్లో ఒకటి రెండు రోజులుండి, 5 మిల్లీమీటర్ల పీతపిల్లగా మారి నేలకెక్కుతుంది. దీవి మధ్యలోని పీఠభూమికి చేరడానికి మరో తొమ్మిది రోజుల నడక.

ప్రశ్న: గుడ్లు వదిలే తేదీ పీతలకు ఎలా తెలుస్తుంది? చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: నెలను వాన నిర్ణయిస్తుంది, రోజును చంద్రుడు. పంచాంగం చూసేవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: బహుళ అష్టమి దాటాక వచ్చే రోజుల్లో, తెల్లవారకముందు, పోటు పూర్తిగా వచ్చి నీరు తీయడం మొదలైన వేళ. అష్టమి నాటికి పోటుకీ పాటుకీ తేడా బాగా తక్కువ. ఎర్ర పీతకు ఈత రాదు. నీటి అంచున నిలబడి పొట్ట విదిలించే ఆడపీత కొట్టుకుపోకుండా ఉండాలంటే అదే అదను. తీసే నీరు లార్వాలను లోపలికి లాక్కుపోతుంది. వరసగా ఐదారు రాత్రులు ఇదే తంతు.

నడకకు వారం, జత కట్టి గుడ్లు పెట్టడానికి కొన్ని రోజులు, పొదగడానికి మరో 12, 13 రోజులు. అంటే ఆ అష్టమికి కనీసం మూడు వారాల ముందు వాన పడాలి. లేకపోతే పీతలు ఆ నెల వదిలేసి తర్వాతి నెలకు వాయిదా వేస్తాయి. వాన ముందే పడితే దారిలో మేస్తూ తీరిగ్గా నడుస్తాయి, ఆలస్యమైతే పరుగే. సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో మొదలవుతుంది. డిసెంబరు, జనవరి అయిన ఏళ్లూ ఉన్నాయి. కాబట్టి నవంబరులో నాలుగు రోజులకు టికెట్లు కొని వెళ్తే చూడకుండా తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. పీతలు పొద్దున్నే, సాయంత్రం నడుస్తాయి. మధ్యాహ్నం నీడ పట్టున ఆగిపోతాయి. మొప్పలు ఆరితే ఊపిరి ఆడదు మరి.

ప్రశ్న: ఒక్కో పీత లక్ష గుడ్లు పెడుతుంటే రక్షణ పేరుతో ఇంత హడావుడి అవసరమా?
– ఒక ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: గుడ్ల లెక్క చూసి మోసపోవద్దు. తిమింగల సొరలు, మాంటా టేకు చేపలు ఆ లార్వాలను నోరారా మేస్తాయి. చాలా ఏళ్లు ఒక్క పిల్ల కూడా ఒడ్డుకు రాదు, లేదా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వస్తాయి. దండిగా వచ్చేది పదేళ్లలో ఒకటి రెండుసార్లే. పిల్ల పెద్దదై జత కట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అయినా జాతి నిలిచిందంటే కారణం పెద్ద పీత 20, 30 ఏళ్లు బతికి ఏటా ప్రయత్నించడమే. కాపాడాల్సింది పెద్ద పీతనే.

పెద్ద పీతలను ఊచకోత కోసింది పసుపు వెర్రి చీమ. 20వ శతాబ్దపు తొలి భాగంలో ఓడల సరుకుతో దిగిన ఈ చీమ దశాబ్దాల పాటు అణిగి ఉంది. 1989లో తొలి మహాకాలనీ (ఎన్నో పుట్టలు ఒక్కటిగా కలిసిన చీమల గుంపు) కనిపించింది. అలాంటి చోట చదరపు మీటరు నేల మీద వెయ్యికి పైగా చీమలుంటాయి. ఇవి కుట్టవు, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. పీత కళ్లు పోయి, దారి తప్పి, ఎండిపోయి చస్తుంది. చచ్చినవి కోట్లలో ఉన్నాయి. కాలనీ లేని అడవి కూడా ఖాళీ అయింది, ఎందుకంటే ఆ అడవి పీతలు సముద్రానికి వెళ్లే దారిలో కాలనీలో చిక్కుకున్నాయి. పీతలు పోయిన చోట ఆకుచెత్త పేరుకుంది, మొలకలు దట్టమయ్యాయి, ఆఫ్రికా రాకాసి నత్తలు చొరబడ్డాయి.

మన రైతులు వరిలో కాండం తొలిచే పురుగుకు వాడే ఫిప్రోనిల్‌నే అక్కడ చీమల మీద వాడారు. చేపపొడి ఎరలో చాలా పలుచగా కలిపి 2002లో హెలికాప్టర్ నుంచి సుమారు 2,500 హెక్టార్లలో చల్లారు. తంటా ఏమిటంటే ఫిప్రోనిల్ పీతనూ చంపుతుంది. అందుకే పీతలు బొరియల్లో మూత వేసుకుని ఉండే వాన లేని కాలంలో చల్లాలి. కాలనీ ముదిరిన చోట బతికున్న పీతలు ఎలాగూ కొద్దే. ఎర వాసనకు వచ్చే కొబ్బరి పీతలను (నేల మీద బతికే భారీ పీతలు) విడిగా మేత పెట్టి పక్కకు మళ్లించాల్సి వచ్చింది.

మందు చల్లితే చీమ తగ్గేది, కొన్నేళ్లకు మళ్లీ పెరిగేది. దాని తిండి చెట్ల మీదుంది మరి. లక్క పురుగుకు దగ్గరి బంధువైన ఒక పొలుసు పురుగు రసం పీల్చి తియ్యటి బంక విసర్జిస్తుంది, కాలనీ దాని మీదే బలుస్తుంది. ఆ పురుగులో గుడ్లు పెట్టే 2 మిల్లీమీటర్ల కందిరీగను మలేషియా నుంచి తెచ్చి, 2016 డిసెంబరులో వదిలారు. బంక ఆగితే చీమ బలం తగ్గుతుందన్నది లెక్క. నా ఉద్దేశంలో విషం కంటే ఇదే తెలివైన పని. ఇప్పుడు అక్కడి పార్కు అధికారులు ఎర్ర పీతలు 10 కోట్లకు పైనే ఉన్నాయంటున్నారు.

ప్రశ్న: రోడ్ల మీద పీతలు నలగకుండా ఏం చేస్తారు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: రోడ్డు పక్కన నున్నటి ప్లాస్టిక్ తడికలు కట్టి, పీతలను రోడ్డు కింది సొరంగాల వైపు మళ్లిస్తారు. తడికలు 20 కిలోమీటర్లకు పైగా, సొరంగాలు 30కి పైగా ఉన్నాయి. ఒకచోట 5 మీటర్ల ఎత్తు వంతెన కూడా ఉంది. గరుకు చోటు దొరికినా, కొమ్మో ఆకుల కుప్పో ఆనుకున్నా పీత తడిక ఎక్కేస్తుంది. అందుకే సీజను ముందు తడికల పక్క శుభ్రం చేయాలి. నడక జోరు మీదున్నప్పుడు కొన్ని రోడ్లు మూసేస్తారు. మిగతా చోట్ల మనిషి కిందికి దిగి, కారు ముందు పళ్లకర్రతో పీతలను మెల్లగా పక్కకు నెట్టాలి. మొండిగా తోలితే పెంకు ముక్కలు టైరును చీలుస్తాయి కూడా.

ప్రశ్న: నికోబార్ వైపు కొబ్బరి పీతలు దొరుకుతాయంటారు. ఒక జత తెచ్చి పెంచవచ్చా?
– ఒక పాఠకుడు, పోర్ట్ బ్లెయిర్

జవాబు: వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. పట్టినా, దగ్గర ఉంచుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు పడుతుంది. పైగా ఇంట్లో సంతతి పెరగదు. దీని లార్వాలూ కొన్ని వారాలు సముద్రంలో తేలాలి. ఒడ్డుకొచ్చాక పిల్ల కొంతకాలం ఖాళీ నత్తగుల్ల మోస్తూ తిరిగి, పెంకు గట్టిపడ్డాక దాన్ని వదిలేస్తుంది. జత కట్టే వయసుకు సుమారు ఐదేళ్లు, పూర్తి పరిమాణానికి దశాబ్దాలు పడుతుంది. 4 కిలోల పీతను ఒక్క పూట కూరకు పడితే ఆ చోటు నిండడానికి ఒక తరం కావాలి. పొట్ట కింద గుడ్లతో ఆడపీత తీరం వైపు పోతూ కనిపిస్తే టార్చి ఆర్పి దారి ఇవ్వండి. సాయం చేస్తున్నామని నీళ్లలో పడేయకండి, పెద్ద కొబ్బరి పీత మునిగితే చచ్చిపోతుంది.