మాల తీసిన మర్నాడు ఎవరు తోడుంటారు?

ప్రశ్న: మేము విశాఖపట్నంలో, గాజువాక దగ్గర ఉంటాము. మా వారికి 43 ఏళ్లు, షిఫ్టు ఉద్యోగం. పదేళ్లుగా తాగుతున్నారు. ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన వారానికే మళ్లీ మొదలు. ఈమధ్య పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతున్నాయి. తాగుడు మానాలనుకునేవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లమని తెలిసినవారు చెప్పారు. కాలనీలో తెలిస్తే పరువు పోతుందని ఆయన, చర్చిలో జరుగుతాయట, మనకెందుకని మా అత్తగారు అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మాల తీసిన వారానికే మళ్లీ మొదలవుతుందని మీరు బాధతో రాశారు గానీ, నేను ఆ 41 రోజుల దగ్గరే ఆగిపోయాను. ఆ రోజుల్లో ఆయన తెల్లవారుజామునే చన్నీటి స్నానం చేస్తారు, సాయంత్రం పూజకు తోటి స్వాములతో కూర్చుంటారు, ఒక్కరోజు రాకపోతే గురుస్వామి కబురు పెడతారు. మాల తీసిన రోజుతో ఆ సాయంత్రాలూ, ఆ మనుషులూ ఒక్కసారిగా దూరమై, పాత స్నేహితులూ పాత దారీ మిగులుతాయి. ఆయన భక్తి అబద్ధమని మీరు అనుకోవద్దు. ఆయనను నిలబెట్టిన తోడు పోయింది, అంతే. సమావేశాలు ఇచ్చేది అలాంటి తోడునే, అయితే దానికి మాల తీసే రోజంటూ ఉండదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒకరు షేర్ల వ్యాపారంలో పనిచేసినవారు, మరొకరు సర్జను, ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటూ మానగలిగారు. ఈ సంఘం అక్కడే పుట్టింది. నేటికీ పద్ధతి అదే. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చేరడానికి అర్హత. రుసుము లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు, ఇంటిపేరు ఎవరూ అడగరు. జన్మంతా మానతానని ఒట్టు వేయించరు, ఈ ఒక్క రోజు తాగకుండా గడుపుదామంటారు. మొదటిరోజు ఏమీ మాట్లాడకుండా విని వచ్చేయవచ్చు. కొన్నాళ్లయ్యాక, ఏళ్ల తరబడి మానేసి ఉన్న ఒక సభ్యుణ్ణి స్పాన్సరుగా ఎంచుకుంటారు. తాగాలనిపించిన సాయంత్రం ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండటం ఎంత బలమో గురుస్వామి ఉన్న ఆయనకు మీరు వివరించనక్కర్లేదు.

మీ అత్తగారితో వాదించకండి. కొన్ని బృందాలు చర్చి ఆవరణలో గది తీసుకుని సమావేశమయ్యే మాట నిజమే గానీ, ఈ సంఘం ఏ మతానికీ చెందినది కాదు. తాగుడు మానడానికి వారు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ఎవరికి అర్థమైన రీతిలో వారి దేవుడని అందులోనే ఉంది. ఆమె కొడుకు అయ్యప్పను తలుచుకుంటూనే ఆ గదిలో కూర్చోవచ్చు.

పరువు భయానికి నాకు తోచిన మార్గం దూరం. ఫోన్‌లో వాకబు చేసేటప్పుడు మీ పేటకు దగ్గరలోది కాక, ఎన్ఏడీ కూడలి దాటి ఊరి అవతలి వైపు జరిగే సమావేశం గురించి అడగండి. షిఫ్టులు మారతాయి కనుక వారంలో వేర్వేరు వేళల్లో జరిగేవి రెండు మూడు రాసిపెట్టుకోండి. సమావేశం అందరికీ తెరిచినదా, సభ్యులకు మాత్రమేనా అన్నది కూడా అడగండి. అందరికీ తెరిచిన దానికైతే మీరూ వెళ్లవచ్చు. రెండోదానికి ఆయన ఒక్కరే వెళ్లాలి. తిరిగి వచ్చాక అక్కడ ఏం జరిగిందని మాత్రం ఆరా తీయవద్దు.

అన్నిటికన్నా ముందు ఆ చేతుల వణుకు. పొద్దున్నే తాగితే తప్ప వణుకు తగ్గని మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి భ్రమించి ప్రాణం మీదకు రావచ్చు. కాబట్టి ఈ వారమే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ, కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) గానీ తీసుకువెళ్లండి. ఆయన కదలనంటే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అనే ఆ ప్రభుత్వ సేవలో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. తాగుడు మాన్పించే మాత్రలు ఆయనకు తెలియకుండా కూరలో కలపమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అలాంటిదే అయిన డైసల్ఫిరామ్ మాత్ర కడుపులో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

ఇక మీ సంగతి. మీ ఉత్తరమంతా ఆయన గురించే ఉంది, మీ నిద్ర గురించి ఒక్క మాటా లేదు. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే సంఘం ఉంది. భర్త మానినా మానకపోయినా మీరు అందులో చేరవచ్చు, ఆయన అనుమతి కోసం ఆగనక్కర్లేదు. అప్పులవాళ్లకు అబద్ధం చెప్పడం, డ్యూటీకి రాలేరని ఆయన బదులు ఫోన్ చేయడం, ఇవన్నీ మోసి అలసిన ఆడవాళ్లు అక్కడ మీ మాట సగంలోనే అర్థం చేసుకుంటారు.

ఆయనతో తాగి ఉన్నప్పుడు ఏమీ అనకండి. మత్తు లేని వేళ చూసి, పిల్లల ముందు కాకుండా, "ఆ 41 రోజులు మీరున్నట్టే మిమ్మల్ని చూడాలని ఉంది, ఒక్కసారి వెళ్లి విని రండి" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. కార్తీకం దాకా ఆగవద్దు. వచ్చే ఏడాది మాల వేసినా, డాక్టరు సలహా తీసుకుని వేయాలి. దీక్షలో ఉన్న రోజుల్లో కూడా సమావేశాలకు వెళుతూ ఉంటే, మాల తీసిన మర్నాటి సాయంత్రం ఆయన కోసం ఒక కుర్చీ, పేరు పెట్టి పలకరించే నలుగురూ అక్కడ ఉంటారు.