సమాధానం: చేతిని పట్టేసే పాత అలారం బాక్స్ హాస్టల్‌కి పనికొస్తుందా?

వార్డెన్ గారూ, రాత్రిళ్ళు పిల్లలు ఊరికే ఫైర్ అలారం నొక్కి పరిగెడుతున్నారు, పాతకాలం చేతిని పట్టేసే బాక్స్ పెడదామా అన్నారు కదా, దయచేసి వద్దండి. 1930ల్లో అమెరికాలో అలాంటివి కనిపెట్టారు నిజమే, అలారం ఇవ్వాలంటే చెయ్యి లోపలికి పెట్టాలి, పెట్టగానే మణికట్టు దగ్గర లాక్ పడుతుంది, ఫైర్‌వాళ్ళో పోలీసులో వచ్చి తాళం తీసేదాకా అక్కడే నిలబడాలి. మరి నిజంగా మంటలొస్తే? మనందరి కోసం అలారం కొట్టిన పిల్లాడే పొగలో ఇరుక్కుపోతాడు, అది తలుచుకుంటేనే భయమేస్తుంది.

అమెరికాలోని బోస్టన్‌లో 1852లో టెలిగ్రాఫ్ అలారం (తీగల మీద కబురు పంపేది) పెట్టినప్పుడు వీధుల్లోని బాక్సులకి తాళం వేసి తాళంచెవులు పోలీసులకీ నమ్మకమైనవాళ్ళకీ ఇచ్చారు, ఆకతాయిలు తగ్గుతారు గానీ నిప్పంటుకున్నప్పుడు తాళంచెవి కోసం వెతుక్కోవాలి. తర్వాత ట్రాప్ లాక్ వచ్చింది, తిప్పిన తాళంచెవి బాక్సులోనే ఉండిపోతుంది, దానిమీద నంబర్‌ని బట్టి ఎవరిదో తెలిసిపోతుంది. మనిషిని కాకుండా తాళంచెవిని పట్టుకోవడం, నాకు బాగా నచ్చిన ఐడియా ఇదే.

మీకైతే అలారం బటన్ మీద సైరన్ ఉన్న ప్లాస్టిక్ కవర్ చాలు. మూత ఎత్తగానే అక్కడే గట్టిగా మోగుతుంది, అందరూ అటు చూస్తారు, బిల్డింగ్ అలారం మాత్రం లోపల బటన్ నొక్కితేనే. తాళం మాత్రం వేయకండి, బ్యాటరీ అప్పుడప్పుడు చూస్కోండి.