ఎస్‌ఎంపీఎస్ కొనే ముందు ఆ లేబుల్ చదవరా

చిన్నా,

కొత్త కంప్యూటర్ కోసం నువ్వు పంపిన లిస్టు చూశాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అన్నీ బాగానే ఎంచుకున్నావు. గాజు కేబినెట్‌కి రంగుల ఫ్యాన్లు కూడా గట్టిగానే రాశావు. ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలన్నిటికీ అందించే డబ్బా, దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం "కేబినెట్‌తో వస్తుంది" అని వదిలేశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క ముక్క గురించే.

ర్యామ్ పోతే ర్యామ్ ఒక్కటే పోతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే మదర్‌బోర్డునీ కార్డునీ కూడా వెంట తీసుకుపోవచ్చు. రిపేరుకని నా బల్ల మీదకి వచ్చిన కాలిపోయిన బోర్డుల్లో చాలావాటి వెనక, కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన డబ్బానే ఉండేది. రెండు ఫ్యాన్లు తగ్గించుకునైనా సరే, దీన్ని విడిగా కొను.

షాపులో మొదటి ప్రశ్న "ఎన్ని వాట్స్?" అనే. ముందు ఆ లెక్క తేల్చుకుందాం. నీ ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది కానీ గట్టి పని పడితే 88 దాకా లాగుతుంది. కార్డు 115. మిగతావన్నీ కలిపి ఓ 60 వేసుకో. మొత్తం 263. గ్రాఫిక్స్ కార్డులు అప్పుడప్పుడూ రెప్పపాటు కాలం తమ అంకె దాటి లాగుతాయి, దానికీ కొంత వదలాలి. మంచి 550 నీకు హాయిగా సరిపోతుంది. రేపు 200 వాట్ల కార్డుకి మారినా ఇబ్బంది లేదు. 850 తీసుకోమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

అయితే "మంచి 550" అన్నాను చూడు, తిరకాసంతా అక్కడే. పెట్టె మీద పెద్దగా అచ్చేసిన అంకెని నమ్మకు. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్ మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో ప్లస్ 12 వోల్టుల గడి చూడు. ఇవాళ్టి ప్రాసెసర్, కార్డు తినేది దాదాపు అంతా ఆ లైను నుంచే. అక్కడ 16 ఆంపియర్లని ఉందనుకో, 12తో హెచ్చిస్తే 192 వాట్లు. పైన 450 అని ఎంత లావుగా రాసినా నీ మెషీన్‌కి పనికొచ్చేది ఆ 192 మాత్రమే. నికార్సైన 550 మీద ఆ గడిలో 44, 45 ఆంపియర్లు కనిపిస్తాయి. అదే లేబుల్ మీద ఇన్‌పుట్ ఎంతో కూడా చూడు. 100-240 వోల్టులని ఉంటే సాయంత్రం పూట మీ వీధిలో వోల్టేజి 180కి దిగినా లెక్కచెయ్యదు, స్టెబిలైజర్ అక్కర్లేదు. 200-240 అని ఉంటే పక్కన పెట్టెయ్.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని బిళ్లలు ఉంటాయి. అవి చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతోందన్నది ఒక్కటే. సగం లోడు మీద బ్రాంజ్ సుమారు 85 శాతం, గోల్డ్ 90 శాతం. నీ 260 వాట్లకి గోడ దగ్గర తేడా 17 వాట్లు. రోజూ నాలుగు గంటలు ఫుల్ లోడు మీద గేములాడినా (మీ అమ్మ ఆడనిస్తే) ఏడాదికి పాతిక యూనిట్లు. ఆ బిల్లు మిగులు కోసం గోల్డ్ కొనక్కర్లేదు. సాధారణంగా గోల్డ్‌లో లోపలి సరుకు మెరుగ్గా ఉంటుంది, నిజమే, కానీ బిళ్ల దానికి హామీ కాదు. షార్ట్ అయితే ఆగుతుందా, వోల్టేజి పెరిగితే ఆగుతుందా, వేడెక్కితే ఆగుతుందా అన్నవి ఆ బిళ్ల ఇచ్చే పరీక్షలో లేవు. ఆ రక్షణలన్నీ ఉన్నాయని తయారీదారు విడిగా చెప్పాలి. వారంటీ అయిదేళ్లకి తగ్గితే నేనైతే తీసుకోను.

బ్రాండు చూసి కళ్లు మూసుకోకు. ఒకే పేరు మీద చవక సిరీస్ ఉంటుంది, మంచి సిరీస్ ఉంటుంది. సీసోనిక్ లాంటివాళ్లు సొంతంగా తయారుచేస్తారు, చాలామంది వేరేవాళ్ల దగ్గర చేయించుకుని తమ పేరు వేసుకుంటారు. అందుకే మోడల్ పేరు మొత్తం రాసుకుని, ఆసిలోస్కోప్ (వోల్టేజి హెచ్చుతగ్గుల్ని గీతగా చూపే పరికరం) పెట్టి కొలిచిన రివ్యూ ఉందేమో వెతుకు. 12 వోల్టుల లైను మీద వోల్టేజి అలజడి 120 మిల్లీవోల్టులు దాటకూడదని ఏటీఎక్స్ అనే కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం. మంచివాటిలో అది సగానికి చాలా కిందే ఉంటుంది.

ఇక మీ ఖమ్మం ఇల్లు పాతది, అసలు టెన్షన్ అక్కడ. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో కేబినెట్ ఇనుము మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ చెడిపోయి కాదు. కరెంటులోని చెత్తని ఎర్త్‌కి పంపడానికి లోపల రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. పంపడానికి ఎర్తే లేకపోతే 230లో సగం వోల్టేజి డబ్బా మీద నిలబడుతుంది. ఎంత ఖరీదైనది కొన్నా ఇది పోదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, నువ్వు మెషీన్ పెట్టే గోడ ప్లగ్గులో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూడమను. నిండుగా వెలగాలి. కొందరు పని తేలికని ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి పోతారు, అప్పుడూ బల్బు వెలుగుతుంది! న్యూట్రల్ తెగిన రోజున డబ్బా మొత్తం లైవ్ అవుతుంది. అందుకే ప్లగ్గు విప్పించి, ఎర్త్ వైరు ఎక్కడికి పోతోందో నీ కళ్లతో చూడు. ఎర్త్ పిన్ను లేకుండా చేసే రెండు పిన్నుల కన్వర్టర్ మాత్రం ఇంట్లోంచి అవతల పారెయ్.

కరెంటు పోయినప్పుడు మంచి ఎస్‌ఎంపీఎస్ తన నిల్వతో ఓ 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ ఆలోగా అందుకోవాలి. బావగారు పెట్టించిన ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడు, ఉంటే అందులో పెట్టు. మామూలు మోడ్‌లో ఆలస్యం ఎక్కువ, మెషీన్ ఆఫయి మళ్లీ లేస్తుంది. అది ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటు లాంటి నున్నటి అల ఇచ్చేది) అయితే ఇంకా మంచిది. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏ అన్నది సాధారణంగా 360 వాట్లే అని గుర్తుపెట్టుకో. మానిటర్‌తో కలిపితే నీకు చాలీచాలకుండా ఉంటుంది, 1000 వీఏ చూడు.

బిగించేటప్పుడు ఫ్యాను కిందికి, కింద జాలీ ఉండేలా చూసుకో. వెచ్చగా ఉంటుందని బల్లులు దూరతాయి, నవ్వకు, నేను తీశాను. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే రకం) అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడు. ఇంకో కంపెనీది అచ్చం అలాగే సరిపోతుంది కానీ లోపల పిన్నుల వరస వేరు, డిస్కు కాలిపోతుంది. చెడిపోతే మూత విప్పకు. ప్లగ్గు తీశాక కూడా లోపల కెపాసిటర్లో మూడొందల వోల్టులకి పైనే నిలవుండొచ్చు.

సికింద్రాబాద్ వస్తే సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) నాలుగు షాపులు తిరిగి ధర అడుగు. జీఎస్టీ బిల్లు తీసుకుని, దాని మీద సీరియల్ నంబరు రాయించు, లేకపోతే వారంటీకి తిప్పుతారు. డబ్బు కట్టే ముందు లేబుల్ ఫొటో వాట్సాప్‌లో పంపు. మధ్యాహ్నం రెండు దాటాక అయితే వెంటనే చూస్తాను.

అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

మామయ్య